తడి రంగు మీద చెక్క లాగినోడు (7వ భాగం)



రెండేళ్ళ కింద ఏప్రిల్ 14కి ఒక యూనివర్సిటీలో మన పిల్లలు బొమ్మల ప్రదర్శన పెట్టి నన్ను మాట్లాడమని పిలిచారు. గోడల నిండా బాబాసాహెబ్, జ్యోతిబా, సావిత్రిబాయి, కారంచేడు, చుండూరు. ఓ మూల మాత్రం ఒక పెద్ద గుడ్డ వేలాడుతోంది. దాని మీద మనిషి లేడు. తారు, ఇసుక, పాత సిమెంటు సంచుల ముక్కలు, వాటి మీద బరబరా గీసిన గీతలు. చేసిన పిల్లోణ్ణి అందరి ముందూ అడిగాను: "తమ్ముడూ, ఇందులో మనోళ్ళు ఎక్కడున్నారు?" అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు, బదులూ చెప్పలేదు.

పోయినేడు అమెరికాలో చదువుకుంటున్న మన చెల్లెలొకామె న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఒక ప్రదర్శన చూసి నాకు ఫోటోలు పంపింది. జాక్ విట్టెన్ అనే నల్లజాతి చిత్రకారుడి జీవితకాల పని అది. ఆ ఫోటోల వెంట పడి చదువుకుంటూ పోతే నేనెంత అడ్డదిడ్డంగా మాట్లాడానో తెలిసింది. పోయిన భాగంలో 1946లో బాబాసాహెబ్ డు బోయిస్‌కు రాసిన ఉత్తరం గురించి, 1972లో బ్లాక్ పాంథర్స్ స్ఫూర్తితో పుట్టిన దళిత్ పాంథర్స్ గురించి చెప్పుకున్నాం కదా. ఇదీ ఆ దారిలోదే.

విట్టెన్ 1939లో అలబామా రాష్ట్రంలో, బర్మింగ్‌హామ్ పక్కనున్న బెస్సెమర్‌లో పుట్టాడు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. తల్లి బట్టలు కుట్టేది. నల్లవాళ్ళకు వేరే బడి, బస్సులో వేరే సీటు, వేరే కుళాయి. మనకు హోటల్లో వేరే గ్లాసు ఉండేదే, అలాగన్నమాట. డాక్టరవుదామని టస్కీగీలో చేరి, అది వదిలేసి బొమ్మలు నేర్చుకోడానికి లూసియానాలోని సదరన్ యూనివర్సిటీకి పోయాడు. 1957లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కలిశాడు, ఆయన అహింసను నమ్మాడు. 1960లో బాటన్ రూజ్ ఊరేగింపులో తెల్లవాళ్ళ ద్వేషం ఎదురుగా చూశాక, ఇక్కడే ఉంటే తన చేతులు ఊరుకోవని అర్థమై న్యూయార్క్ బస్సెక్కాడు.

ఆయన తొలినాళ్ళ పని ఒకటి 'బర్మింగ్‌హామ్ 1964'. ప్లైవుడ్ మీద అల్యూమినియం ఫాయిల్, దానిపైన ఆయిల్ రంగు. మధ్యలో ఫాయిల్ చిరిగి ఉంటుంది, గాయంలాగా. ఆ గాయం లోపల ఒక పత్రికా ఫోటో: నల్లజాతి కుర్రాడి మీదికి ఎగబడుతున్న పోలీసు కుక్క. ఆ ఫోటో మీద ఆడవాళ్ళు కాళ్ళకు తొడుక్కునే పల్చటి మేజోడు గుడ్డ. చూడాలంటే దగ్గరికి పోయి తొంగిచూడాల్సిందే.

తర్వాత ఆ ఫోటోను కూడా తీసేశాడు. మనిషి బొమ్మే లేదు. నీ బొమ్మల్లో నల్లవాడేడీ అన్న నిలదీత ఆనాటి నల్లజాతి కళా ఉద్యమంలో గట్టిగానే ఉండేది. అది ఉత్త మొండితనం కాదు. తమ ముఖాన్ని వెక్కిరించడానికి మాత్రమే గీసిన దేశంలో, మా ముఖం మేమే గీసుకుంటాం అనడం న్యాయమే. నేనడిగిందీ ఆ ప్రశ్నే. కానీ విట్టెన్ ఏం చేస్తున్నాడో చూడండి.

1970లో ఆయన కుంచె పక్కన పెట్టి 12 అడుగుల వెడల్పున్న చెక్క పనిముట్టు ఒకటి తయారు చేసుకున్నాడు. వడ్రంగం వచ్చినవాడు. దాని పేరు డెవలపర్. ఫోటోలు కడిగే మందుకుండే పేరే. కాన్వాసును నేల మీద పరిచి, దాని కింద గులకరాళ్ళు, తీగలు పెట్టేవాడు. పైన అక్రిలిక్ రంగు పొర మీద పొర పోసేవాడు. తడి ఆరేలోపు ఆ పనిముట్టును ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున లాగేవాడు. కొన్ని సెకన్ల పని. అడుగు పొరల రంగులు పైకి తేలేవి, కింద రాయి ఉన్నచోట బొమ్మ గీసుకుపోయేది.

మా నాయన తాపీ మేస్త్రి. స్లాబు వేసిన రోజు తడి కాంక్రీటు మీద పొడవాటి చెక్క ఇలాగే లాగేవాడు. మధ్యలో ఆగకూడదు, ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. ఆ ఫోటోలు చూస్తుంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన నడుమే.

ఈ బొమ్మలతో 1974లో విట్నీ మ్యూజియంలో విట్టెన్ ఒక్కడి ప్రదర్శన జరిగింది. అయినా పొడవాటి బద్దతో రంగు లాగడం అనగానే చాలామంది చెప్పే పేరు జర్మనీకి చెందిన గెర్హార్డ్ రిక్టర్. రిక్టర్ ఆ పద్ధతితో పేరు తెచ్చుకుంది 1980లలో. ఆయన గొప్పోడు కాదనడం లేదు. ఎవరి పని ఎవరి ఖాతాలో పడుతుందో మనకు ఒకరు చెప్పాలా?

తర్వాత రోజుల్లో విట్టెన్ రంగును పలకలుగా ఎండబెట్టి, చిన్న చిన్న బిళ్ళలుగా కోసి, గచ్చు పరిచినట్టు కాన్వాసు మీద అతికించాడు. అలా నల్లజాతి పెద్దలకు నివాళిగా 'బ్లాక్ మోనోలిత్' వరుస చేశాడు. 1994లో చేసింది 'ఇన్విజిబుల్ మ్యాన్' నవల రాసిన రాల్ఫ్ ఎల్లిసన్‌కు. అందులో రంగుతోపాటు బెల్లప్పాకంలాంటి మొలాసిస్, ఉప్పు, రాగి, బొగ్గు, బూడిద, ఉల్లిపాయ, తుప్పు, గుడ్డుపెంకు, రేజర్ బ్లేడు ఉన్నాయి. బొగ్గు దగ్గర కాసేపు ఆగాను. వాళ్ళ నాయన తవ్విన బొగ్గు.

లాస్ ఏంజిలిస్‌లో మార్క్ బ్రాడ్‌ఫర్డ్ అని ఇంకొకాయన. తల్లి బ్యూటీపార్లర్‌లో జుట్టు పని చేసినవాడు. జుట్టు రింగులు తిప్పేటప్పుడు చుట్టే పల్చటి కాగితాల అంచులు కాల్చి కాన్వాసు మీద అతికించాడు. అవి చవగ్గా దొరికేవి. తర్వాత వీధి పోస్టర్లు పీకి, పొరలుగా అంటించి, మిషనుతో గీకేశాడు. ఆయన గురించి విడిగా రాయాలి.

మొన్న ఆ తమ్ముడికి ఫోన్ చేసి తప్పొప్పుకున్నాను. ఆ గీతలు దేంతో గీశావని ఈసారి అడిగాను. "మా అమ్మ చీపురుతో అన్నా. తారు పొయ్యకముందు రోడ్డు ఊడుస్తుంది కదా, అది" అన్నాడు. గుడ్డ హాస్టల్ మంచం కింద చుట్టిపెట్టి ఉందట. మళ్ళీ ప్రదర్శనకు పెడదామా అంటే ఆలోచిస్తానన్నాడు.