పాట మనది, మరి దాని బొమ్మ ఎవరిది?



పాడినోళ్లకు పాట మీదనే డబ్బులు వస్తాయని మనం అనుకుంటాం. చరిత్ర చూస్తే అట్ల లేదు. మన దగ్గర సినిమా హాళ్ల కాడ పాటల పుస్తకాలు అమ్మేవారు. ఆ పుస్తకంతో పాట ఇంటిదాకా వచ్చేది, పది మంది నోట పడేది. వస్తువు పాటను మోస్తుంది, పాట వస్తువును అమ్ముతుంది.

అమెరికాలో దీన్ని పెద్ద వ్యాపారం చేసినవారిలో ఎల్విస్ ప్రెస్లీ మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ ఒకరు. 1956లో ఎల్విస్ పేరుతో జీన్స్ నుంచి లిప్‌స్టిక్ దాకా అమ్మారు. లిప్‌స్టిక్ రంగులకు ఆయన పాడిన పాటల పేర్లే పెట్టారు. కొన్నవాళ్లే ప్రచారం చేసిపెట్టారన్నమాట.

బీటిల్స్ దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడింది. వాళ్ల మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ ఈ వస్తువుల సంగతి లాయర్‌కు వదిలేశాడు. లాయర్ ఆ హక్కులను నిక్కీ బైర్న్ అనే ఆయనకు ఇచ్చాడు. బైర్న్ కంపెనీ పేరు సెల్టాయెబ్. బీటిల్స్ ఇంగ్లిష్ అక్షరాలను వెనక నుంచి చదివితే వచ్చే పేరే అది! ఒప్పందంలో కంపెనీ వాటా 90 శాతం, బీటిల్స్ వైపుకు 10 శాతం. దానికే సంతకం పడింది.

1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో బీటిల్స్‌ను సుమారు 7.3 కోట్ల మంది చూశారు. విగ్గులు, బ్యాడ్జీలు, బొమ్మలు ఎగబడి కొన్నారు. పాడింది నలుగురు, పెద్ద వాటా పోయింది వేరేవాళ్లకు. తర్వాత వాటా పెంచుకున్నారు గానీ కోర్టు కేసులు నడిచాయి, భయపడిన దుకాణాలు ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి.

ఇది మనకెందుకంటే, గుస్సాడి నెమలి ఈకల టోపీ ఇవాళ పోస్టర్ల మీద కనిపిస్తుంది. ఆ టోపీ కట్టిన చేతులకు అందులో వాటా ఎంత? బీటిల్స్‌కు మేనేజర్, లాయర్ ఉండి కూడా నష్టపోయారు. మన పాటకు ఒక్క యజమాని లేడు, ఊరంతా యజమానే. అందుకే ఎవరైనా తేలిగ్గా ఎత్తుకుపోతారు. 2012 కాపీరైట్ సవరణతో, ప్రదర్శనను వ్యాపారానికి వాడితే ప్రదర్శకులకూ రాయల్టీ హక్కు వచ్చింది. కానీ తరతరాల బాణీ ఊరి సొత్తు అని ఆ చట్టం చెప్పదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన డోలు బృందాల పేరుతో టీషర్టులు వేయండి, అమ్మండి, తప్పు లేదు. ముందు ఊరి పెద్దలతో కూర్చోండి. ఏ బొమ్మ వేయొచ్చు, ఏది వేయకూడదు, ఎవరికి ఎంత అనేది కాగితం మీద రాసుకోండి. మనం రాసుకోకపోతే ఎదుటోడు తన అంకె రాసుకుంటాడు.

జై ఆదివాసీ!