బడి సీటుకు అమ్మకు పరీక్షా?

మా ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడికి మా చిన్నోడిని ఒకటో తరగతికి తీసుకుపోతే, వాడికంటే ముందు నన్ను ప్రశ్నలడిగారు. "బి.ఏ. తెలుగా మేడమ్? ఇంట్లో వీడికి ఇంగ్లీషు ఎవరు చెప్తారు?" సీటు ఇవ్వలేదు.

ఇలా అడగకూడదని చట్టమే ఉందండీ. దాని కథ మన రాష్ట్రంతోనే ముడిపడింది. కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. తర్వాత ప్రైవేటు వైద్య, ఇంజనీరింగ్ కాలేజీల సీట్లు, ఫీజుల గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసంటే అదే. 1993లో ఆ తీర్పులోనే, 14 ఏళ్లు నిండేదాకా చదువు ప్రాథమిక హక్కన్నారు. పెద్దపిల్లల సీట్ల తగాదాలోంచి చిన్నపిల్లల హక్కు బయటికొచ్చింది!

2002లో అది రాజ్యాంగంలోకి ఎక్కింది. 2009లో విద్యాహక్కు చట్టమైంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. దాని 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకోవడానికి బిడ్డనుగానీ, అమ్మానాన్నలనుగానీ పరీక్షించకూడదు. పరీక్షిస్తే మొదటిసారి 25 వేల దాకా, ఆపైన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. కాపిటేషన్ ఫీజు తీసుకుంటే దానికి పదింతల దాకా. పేదపిల్లలకు ప్రైవేటు బళ్లలో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లనీ అందులోనే రాశారు. మన దగ్గర అది 2022-23లో గానీ మొదలవలేదు.

చట్టం రావడానికి అన్నేళ్లు, మన ఊరి బడి గేటు దాటడానికి ఇంకెన్నేళ్లో! ఈసారి ఎవరైనా మీ చదువు చూసి మీ బిడ్డకు సీటు లేదంటే, ఆ కారణాన్ని కాగితం మీద రాసిమ్మనండి. దాన్ని తీసుకుని మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లండి.