కొల్లేటి నీలకంఠ రొయ్య

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు మంచినీటి సరస్సులో సహజంగా పెరిగే పెద్ద రొయ్య. మగ రొయ్యకు ఒంటికంటే పొడవైన నీలిరంగు కొండికాళ్లుంటాయి. పగలు నాచు చాటున నక్కి, రాత్రిపూట మేతకు కదులుతుంది.

దీని బతుకంతా రెండు నీళ్ల మధ్య ప్రయాణం. తల్లి రొయ్య పొట్ట కింద గుడ్లు మోసుకుంటూ, సరస్సును సముద్రంతో కలిపే ఉప్పుటేరు వెంట కిందికి దిగుతుంది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలకు మొదటి వారాల్లో ఉప్పు కలిసిన నీరే ప్రాణం. మంచినీటిలో కొద్ది రోజులకే చనిపోతాయి. కాస్త ఎదిగాక ఏటికి ఎదురీది సరస్సు చేరతాయి. అందుకే ఉప్పుటేరు పూడినా, గట్లు అడ్డుపడినా కొల్లేట్లో రొయ్య తగ్గిపోతుంది.

నీరు పాడవడం రెండో దెబ్బ. సరస్సులో కలిసే బుడమేరు, తమ్మిలేరు పట్టణాల మురుగును, పొలాల పురుగుమందులను మోసుకొస్తాయి. చేపల చెరువుల నుంచి మేత, ఎరువుల వ్యర్థాలు వచ్చి కలుస్తాయి. గుర్రపు డెక్క దట్టంగా పరుచుకుని కుళ్లేచోట నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. పొర విడిచి మెత్తబడిన రొయ్య అలాంటి నీటిలో ముందుగా చస్తుంది. మావులనే వెదురు బోనులతో రొయ్య పట్టి బతికిన వడ్డెల కుటుంబాలకు ఇది నేరుగా కూటి నష్టం.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సరస్సులోని అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అది అవసరమైన పనే, కానీ చాలదు. చెరువుల్లో హేచరీ పిల్లలను పెంచినంత మాత్రాన సరస్సులో రొయ్య తిరిగిరాదు. ఉప్పుటేరు దారి తెరిచి ఉంచాలి, మురుగును శుద్ధి చేశాకే వదలాలి.