ముల్కీ అంటే ఎవరు? నిజాం రాజ్యం పోయినా పోని మాట

 

పాతబస్తీ గౌలిపుర పేరు వినే ఉంటరు. గౌలి అంటే పశువులను సాకి పాలు అమ్ముకునేటోడు. తెలుగు, ఉర్దూ, మరాఠీ పక్కపక్కనే వినపడే ఆ పాత నగరంలో "మనోడు ఎవరు, బయటోడు ఎవరు" అని ఎట్ల తేల్చాలె?

దీనికి ఏడో నిజాం 1919 ఫర్మానాలో ఒక లెక్క పెట్టిండు. సర్కారు కొలువులు ముల్కీలకే. ఇక్కడి ప్రజగా పుట్టినోడు ముల్కీ. 15 ఏండ్లు ఇక్కడే ఉండి, ఇక సొంతూరికి తిరిగి పోనని రాసిచ్చినోడు కూడా ముల్కీనే. భాష ఏంది, మతం ఏంది అని అడగలేదు.

అదే నిజాం 1947 జూన్‌లో, బ్రిటిషోళ్లు పోయినంక నా రాజ్యం స్వతంత్రం అని ప్రకటించిండు. కానీ అప్పటికే పల్లెల్లో రైతులు దొరల మీద, వెట్టి మీద తిరగబడ్డరు. ఇంకోదిక్కు రజాకార్ల దాడులు. ప్రజల మనసులో లేని సార్వభౌమత్వం ఎన్నాళ్లుంటది? 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయిండు. ఆ రోజుల్లో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటరని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఎక్కువ మంది ముస్లింలే. తరతరాలుగా ఇక్కడే బతికినోళ్లను మతం చూసి పరాయోళ్లను చేసిన్రు.

రాజ్యం పోయింది కానీ ముల్కీ మాట పోలేదు. మద్రాసు దిక్కు నుంచి వచ్చిన ఉద్యోగులు, దొంగ ముల్కీ సర్టిఫికెట్లు చూసి చదువుకున్న పిల్లల కడుపు మండింది. 1952 సెప్టెంబరులో "నాన్ ముల్కీ గో బ్యాక్" అని రోడ్డెక్కిన్రు. మూసీ ఒడ్డున సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినయి. వాళ్ల కోపం న్యాయమైందే. ఆ కోపమే 1969లో మళ్ల లేచింది, 2014 జూన్ 2న రాష్ట్రమైంది.

నేను చెప్పేది ఒకటే. కొలువు కోసం, భూమి కోసం "మాది" అనుడు హక్కు. మనిషి పుట్టుక చూసి "నువ్వు కాదు" అనుడు వేరే సంగతి. ఇయ్యాల మన పొలాల్లో బీహార్ కూలీలు నాటు వేస్తున్నరు. వాళ్లల్ల కొందరు 15 ఏండ్లు ఇక్కడే ఉంటే ఏమంటం? ఆ పాత ఫర్మానా లెక్కన వాళ్లూ ముల్కీలే కావచ్చు. మరి మన లెక్క ఏంది? కామెంట్లలో చెప్పండి, తిట్టుకోకుండ.