మృత్యువు సెలవు పెట్టిన మూడు రోజులు

ఇటలీలో ఒక ప్రభువుగారి భవంతి. కొండదారుల్లో కార్లు పోటీపడి తోలుకుంటూ, కేరింతలు కొడుతూ వచ్చిన అతిథులతో ఇల్లంతా సందడిగా ఉంటుంది. దారిలో ఒక ప్రమాదం జరిగినా అందరూ చెక్కుచెదరకుండా బయటపడతారు. ఆ రాత్రి ఇంటి యజమాని డ్యూక్ లాంబర్ట్ ముందు ఒక నీడ నిలబడుతుంది. తాను మృత్యువునని చెప్పుకుంటుంది. మనుషులు తనను చూసి ఎందుకంత వణికిపోతారో, ఈ బతుకులో అంతగా వదల్లేనిదేముందో తనకు అంతుపట్టడం లేదంటుంది. మూడు రోజులు ఆ ఇంట అతిథిగా ఉండనివ్వమని అడుగుతుంది. అడగడమే గాని, కాదనడానికి డ్యూక్‌కు వీలెక్కడిది! ఇక అక్కడి నుంచి మృత్యువు నీడ కాదు, మనిషి. సిర్కీ అనే రాకుమారుడి రూపంలో, కంటికి ఒంటి అద్దం తగిలించుకుని దర్జాగా దిగుతాడు.

పారామౌంట్ సంస్థ 1934లో విడుదల చేసిన 'డెత్ టేక్స్ ఎ హాలిడే' ఇలా మొదలవుతుంది. ఆ మూడు రోజులూ లోకంలో ఆకు రాలదు, పువ్వు వాడదు, ఎంత ఘోర ప్రమాదంలోనైనా ఒక్క ప్రాణమూ పోదు. మృత్యువు బతుకు రుచి చూస్తాడు, ప్రేమలో పడతాడు. మూడో రోజు అర్ధరాత్రి గడియ దగ్గర పడుతుంటే చిక్కు మొదలవుతుంది. ప్రేమించిన అమ్మాయిని వదిలి వెళ్లాలా, వెంట తీసుకుపోవాలా? వెంట వెళ్లడమంటే ఏమిటో మనకు తెలుసు. ఈ కథను తొంభై ఏళ్లకు పైగా మళ్లీ మళ్లీ చెప్పుకుంటూనే ఉన్నారు. ఎవరు ఎలా చెప్పినా, ఆ అమ్మాయికి ఇచ్చిన జవాబును బట్టే కథ నిలబడుతుందో కూలుతుందో తేలుతుందని నా నమ్మకం.

కథలోని రెండు పోగులూ చాలా పాతవి. మృత్యువు పని ఆగిపోతే ఏమవుతుందన్న ఊహ మొదటిది. గ్రీకు గాథల్లో సిసిఫస్ అనే రాజు మృత్యుదేవత థానటోస్‌ను గొలుసులతో కట్టేస్తాడు. చావు ఆగిపోతుంది. యుద్ధంలో ఎంత కొట్టుకున్నా ఎవరూ చావకపోతే యుద్ధదేవత ఆరీస్‌కు పనేముంది? ఆయనే వచ్చి కట్లు విప్పిస్తాడు. మన మహాభారతం ఆదిపర్వంలోని పంచేంద్రోపాఖ్యానం ఇంతకన్నా గంభీరంగా ఉంటుంది. ద్రౌపదికి అయిదుగురు భర్తలేమిటని ద్రుపదుడు మథనపడుతున్నప్పుడు వ్యాసుడు ఆయనకు చెప్పిన కథ అది. నైమిశారణ్యంలో యముడు సత్రయాగ దీక్షలో ఉంటాడు. దీక్షలో ఉన్నవాడు ప్రాణం తీయడు. మనుషులు చావక పెరిగిపోతారు. మాకూ మర్త్యులకూ ఇక తేడా ఏముందని దేవతలు బ్రహ్మకు మొరపెట్టుకుంటారు. యాగం ముగియగానే యముడు తన పనికి తాను వస్తాడని బ్రహ్మ ధైర్యం చెబుతాడు. హాలీవుడ్ మృత్యువు సరదాకు సెలవు తీసుకుంటే, మన యముడు ధర్మం కోసం తీసుకున్నాడు.

రెండో పోగు కన్యనూ మృత్యువునూ జంట చేసిన ఊహ. సిసిలీ పచ్చికలో పూలు కోసుకుంటున్న పెర్సెఫొనీని పాతాళరాజు హేడిస్ ఎత్తుకుపోయిన కథ నాటి నుంచే అది ఉంది. యూరప్‌లో ప్లేగు మారణకాండ తర్వాతి శతాబ్దాల్లో చిత్రకారులు దాన్ని వదల్లేదు. హాన్స్ బాల్డుంగ్ గ్రీన్ 1517లో గీసిన చిత్రం ఇప్పటికీ బాసెల్ నగర మ్యూజియంలో ఉంది. కుళ్లిన దేహంతో ఉన్న మృత్యువు ఒక యువతి జుట్టు పట్టుకుని, రెండో చేత్తో నేలలోకి, అంటే గోతిలోకి, చూపిస్తుంటాడు. ఆమె చేతులు జోడించి ఏడుస్తుంటుంది. అందులో ప్రేమ లేదు, బలాత్కారమే ఉంది. మూడు వందల ఏళ్లు గడిచాక, 1817లో షూబర్ట్ ఇదే అంశం మీద మథియస్ క్లాడియస్ కవితకు బాణీ కట్టాడు. అక్కడ మృత్యువు స్నేహితుడిలా మాట్లాడతాడు, భయపడవద్దంటాడు. షూబర్ట్ 1824లో అదే బాణీని ఒక తంత్రీవాద్య చతుష్టయంలోకి తెచ్చాడు. జుట్టు పట్టి ఈడ్చిన చెయ్యి జోలపాడే చెయ్యిగా మారింది. కానీ ఆ అమ్మాయిని ఇష్టమేనా అని అడిగినవాడు మాత్రం ఇంకా ఎవరూ లేరు.

సినిమా ఈ అంశాన్ని తొలినాళ్లలోనే అందుకుంది. ఫ్రిట్జ్ లాంగ్ 1921లో జర్మనీలో 'డేర్ మ్యూడే టోడ్' తీశాడు. అందులో మృత్యువు చేసిన పనికే అలసిపోయిన ఉద్యోగిలా ఉంటాడు. బెర్న్‌హార్డ్ గోట్స్‌కె ముఖంలోని ఆ అలసట మాటల్లేకుండానే గుండెను పట్టేస్తుంది. ప్రియుణ్ణి తిరిగి ఇమ్మని వచ్చిన అమ్మాయికి అతడు ఆరిపోబోతున్న మూడు కొవ్వొత్తులు చూపించి, వీటిలో ఒక్కటైనా ఆరకుండా కాపాడు, నీ మనిషిని ఇచ్చేస్తానంటాడు. తెలుగువాళ్లు ఈ సినిమా చూస్తే సావిత్రి గుర్తుకు రాక మానదు. సావిత్రి గెలుస్తుంది, ఈ అమ్మాయి మూడుసార్లూ ఓడిపోతుంది. లూయీ బున్యుయేల్ ఈ సినిమా చూశాకే తాను సినిమాల్లోకి రావాలనుకున్నానని చెప్పుకున్నాడు.

ఈ రెండు పోగులనూ కలిపి నేసినవాడు ఇటలీ నాటకకర్త అల్బెర్తో కసెల్లా. ఆయన నాటకం 'లా మోర్తె ఇన్ వకాన్జా' 1924 నాటిది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్లే. ఆ యుద్ధంలో ఇటలీ సుమారు 6 లక్షల మంది సైనికులను పోగొట్టుకుంది. ఆ వెంటనే 1918 ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను ఊడ్చింది. బిడ్డను పోగొట్టుకోని వీధి లేని దేశంలో, మృత్యువును ఇంటికి పిలిచి కూర్చోబెట్టి నువ్వెవరివని అడిగే నాటకం రావడంలో ఆశ్చర్యం లేదు. కసెల్లా గొప్పతనం ఏమిటంటే, అతని మృత్యువు శిక్షించడానికి రాలేదు, తెలుసుకోవడానికి వచ్చాడు. ప్రేక్షకుడు ఎన్నాళ్లుగానో అడగాలనుకున్న ప్రశ్నను మృత్యువే తిరిగి ప్రేక్షకుణ్ణి అడుగుతాడు.

వాల్టర్ ఫెరిస్ ఆ నాటకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. న్యూయార్క్‌లో ఎథెల్ బారిమోర్ థియేటర్‌లో 1929 డిసెంబరు 26న తెర లేచింది. వాల్ స్ట్రీట్ కూలి రెండు నెలలు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో నాటకం 180 ప్రదర్శనలు ఆడింది. ఫిలిప్ మెరివేల్ రాకుమారుడు సిర్కీగా, రోజ్ హోబార్ట్ అతను ప్రేమించే గ్రాట్సియాగా నటించారు.

పారామౌంట్ దీన్ని మిచెల్ లైసెన్ చేతికి ఇచ్చింది. లైసెన్ అంతకుముందు సెసిల్ బి. డెమిల్ దగ్గర దుస్తులూ సెట్లూ రూపొందించినవాడు. భవంతి మెట్లు, తోట, తెల్లని గౌన్లు, చార్లెస్ లాంగ్ కెమెరా పరిచిన వెన్నెల, వీటన్నిటిలో ఆ పనితనం కనిపిస్తుంది. సంభాషణలు కొన్నిచోట్ల నాటకం వాసన వేస్తాయి, అది నిజం. కానీ ఫ్రెడ్రిక్ మార్చ్ వాటిని మోశాడు. 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'తో అప్పటికే ఆస్కార్ అందుకున్న నటుడు. ఒక క్షణం పండుగకు కొత్త బట్టలేసుకున్న పిల్లవాడిలా సంబరపడతాడు, మరుక్షణం ఎదుటివాళ్ల ఒళ్లు జలదరించేలా చూస్తాడు.

ఆ చూపు మీదే సినిమా అంతా ఆధారపడి ఉంది. భవంతిలో ముగ్గురు యువతులు రాకుమారుడి వైపు ఆకర్షితులవుతారు. ఆల్డా ధైర్యం చేసి అతని కళ్లలోకి తేరిపార చూస్తుంది, అక్కడ కనిపించినదానికి హడలి వెనక్కి తగ్గుతుంది. రోడా కూడా నిలబడలేకపోతుంది. మూడో అమ్మాయి గ్రాట్సియా. డ్యూక్ కొడుకు కొర్రాడోకు కాబోయే భార్య. ఆమె మాత్రం భయపడదు. చివర్లో పెద్దలంతా చుట్టూ చేరి నిజం చెప్పేస్తారు. తల్లి బతిమాలుతుంది. మృత్యువు కూడా మోసం చెయ్యడు, మారువేషం తీసేసి అసలు రూపంతో నిలబడతాడు. నాకు మొదటి నుంచీ నువ్విలాగే కనిపించావంటుంది గ్రాట్సియా. అంటే ఆమె ఏమీ తెలియక వెళ్లడం లేదు. బాల్డుంగ్ చిత్రంలో జుట్టు పట్టి లాగిన అమ్మాయికి, నాలుగు వందల ఏళ్ల తర్వాత, తన నోటితో తాను మాట్లాడే అవకాశం దొరికింది. ఆ నిర్ణయం ఒప్పా తప్పా అని తర్కించవచ్చు. యవ్వనంలో ఉన్న పిల్ల చావును వరించడం అందంగా చూపవచ్చా అని నాకూ లోపల ఒక జంకు ఉంది. అయినా ఆ ఘట్టంలో ఆమెను ఎవరూ ఆడించడం లేదన్నది కాదనలేం.

హాలీవుడ్‌లో సినిమాల నీతినియమాలను తనిఖీ చేసే జోసెఫ్ బ్రీన్ కార్యాలయం ముద్ర లేనిదే సినిమా బయటికి రాకూడదన్న నిబంధన 1934 జులైలో వచ్చింది. ఈ సినిమా అంతకు కొన్ని నెలల ముందే, ఫిబ్రవరిలో విడుదలైంది. ఆ తర్వాతైతే ఈ ముగింపు అంత తేలిగ్గా గడప దాటేదని నేననుకోను.

గ్రాట్సియాగా నటించిన ఎవలిన్ వెనబుల్ తర్వాత డిస్నీ 'పినాకియో'లో నీలి దేవకన్యకు గొంతునిచ్చింది. ఆ పైన సినిమాలు వదిలి లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ పాఠాలు చెప్పింది. తెర మీద మృత్యువును వరించిన అమ్మాయి, పెర్సెఫొనీ కథ పుట్టిన భాషను పిల్లలకు నేర్పిందన్న సంగతి తలచుకుంటే నాకెంతో ఇష్టంగా ఉంటుంది.

ఈ కథను తర్వాత మళ్లీ తీసింది యూనివర్సల్. పారామౌంట్ కథ దాని చేతికి ఎలా వచ్చిందన్నది వ్యాపారం సంగతి. 1950కి ముందు పారామౌంట్ తీసిన టాకీల హక్కులను ఎం.సి.ఎ. సంస్థ 1958లో కొనేసింది. తర్వాత అదే సంస్థ యూనివర్సల్‌ను సొంతం చేసుకుంది. ఆ మూటలో ఈ చిత్రమూ వెళ్లింది. 1971లో టీవీ కోసం ఒకసారి తీశారు, మెల్విన్ డగ్లస్, మిర్నా లాయ్ వంటి పెద్దలు ఉన్నా అది నిలవలేదు.

నిలిచినది 1998 నాటి 'మీట్ జో బ్లాక్'. దర్శకుడు మార్టిన్ బ్రెస్ట్. బ్రాడ్ పిట్ మృత్యువు, ఆంథొనీ హాప్కిన్స్ వ్యాపారవేత్త బిల్ పారిష్, క్లెయిర్ ఫోర్లానీ ఆయన కూతురు సూజన్. ఇటలీ భవంతి న్యూయార్క్ కుబేరుల ఇల్లయింది. 79 నిమిషాల కథ సుమారు మూడు గంటలైంది. స్టార్ వార్స్ కొత్త భాగం ట్రైలర్ ఈ చిత్రంతో వేస్తున్నారని తెలిసి, టిక్కెట్టు కొని ట్రైలర్ చూసి లేచి వెళ్లిపోయిన వాళ్ల గురించి అప్పట్లో పత్రికలు రాశాయి. ఉండిపోయినవాళ్లకు హాప్కిన్స్ దొరికాడు. తన అరవై అయిదో పుట్టినరోజు నాడు, కూతురితో చివరిసారి నాట్యం చేసి, బాణసంచా వెలుగులో మృత్యువుతో కలిసి వంతెన దాటి వెళ్లే తండ్రిగా ఆయన నటన మరచిపోలేం.

అసలు మార్పు అక్కడే జరిగింది. కథ కూతురి చేతిలోంచి తండ్రి చేతిలోకి పోయింది. ఇక్కడ మృత్యువు సూజన్‌ను వెంట తీసుకుపోడు. తాను తొడుక్కున్న దేహం సూజన్‌కు కాఫీ హోటల్‌లో తారసపడిన ఒక కుర్రవాడిది. అతన్ని బతికించి ఆమెకు అప్పగించి వెళ్తాడు. తండ్రి ప్రేమ వైపు నుంచి చూస్తే ఇది న్యాయమే, పిల్లను కాపాడాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ సూజన్‌కు ఎవరూ నోరు తెరిచి నిజం చెప్పలేదు. ఆమె తానుగా ఊహించి తెలుసుకోవాలి, ఇచ్చినదాన్ని పుచ్చుకోవాలి. గ్రాట్సియాకు ఇచ్చిన గౌరవం ఆమెకు దక్కలేదు.

ఇదే చెట్టుకు వేరే కొమ్మలూ ఉన్నాయి. ఝాన్ కాక్తో 1950లో తీసిన 'ఓర్ఫే'లో మృత్యువు స్త్రీ. నల్లని దుస్తుల్లో మరియా కసారెస్, వెంట మోటారుసైకిళ్ల మీద భటులు. ఆమె కవిని ప్రేమించి, చివరికి అతన్ని వదులుకుని తానే శిక్షకు వెళ్తుంది. పోర్చుగల్ రచయిత జోజె సరమాగో 2005లో రాసిన నవలలో ఒక దేశంలో కొత్త సంవత్సరం మొదటి రోజు నుంచి చావే ఆగిపోతుంది. తర్వాత అదే మృత్యువు ఒక సెల్లో వాద్యకారుడి దగ్గర దారి తప్పుతుంది.

మన దగ్గర యముడు ప్రియుడు కాలేదు. 1933లో సి. పుల్లయ్య 'సావిత్రి'లో వేమూరి గగ్గయ్య యముడిగా గర్జించాడు. అదే పుల్లయ్య 1960లో 'దేవాంతకుడు' తీసేసరికి ఎస్వీ రంగారావు యముడు నవ్వు పుట్టించే పెద్దమనిషి అయ్యాడు. ఆ కథకు మూలం 1958 నాటి ఒక బెంగాలీ చిత్రం. 'యమగోల' (1977), 'యమలీల' (1994) సినిమాల్లో కైకాల సత్యనారాయణ ఆ పాత్రను తన సొంతం చేసుకున్నాడు. జో బ్లాక్ వేరుశెనగ వెన్న చెంచాతో తింటూ మైమరచిపోతే, 'యమలీల' యముడు ఐస్‌క్రీమ్ తిని మైమరచిపోతాడు. రెండు చోట్లా మృత్యువు మనుషుల తిండి ముందు పసిపిల్లవాడైపోవడం నాకు ముచ్చటేస్తుంది. సావిత్రి నోట ధర్మం పలికించిన జాతికి, ఆ సంభాషణను మళ్లీ గంభీరంగా, ప్రేమగా తెర మీదకు తేగల శక్తి లేకపోలేదు. ఎవరైనా పూనుకోవాలి.

'డెత్ టేక్స్ ఎ హాలిడే', 'మీట్ జో బ్లాక్' రెండింటిలో ఒక్కటే చూసే తీరిక ఉంటే 1934 నాటిది చూడండి. గ్రాట్సియా చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి, ఆపైన మీ నిర్ణయం మీది.