మార్లవాయి శిక్షణకేంద్రము: గోండుసీమలో అక్షరోద్యమము

ఒక జాతికి మేలు చేయదలచినవారికి రెండు మార్గములు కలవు. తామే పూనుకొని ఆ మేలు చేసిపెట్టుట మొదటిది. ఆ జాతివారే తమ మేలు తాము చూచుకొనగల శక్తిని వారికి సమకూర్చుట రెండవది. మొదటిది శీఘ్రముగా ఫలించును గాని, చేసినవాడు మరలిపోగానే మాసిపోవును. రెండవది ఆలస్యముగా మొలకెత్తినను వేరూని నిలుచును. ఆదిలాబాదు అడవులలో, మార్లవాయి యను కుగ్రామమున 1943వ సంవత్సరమున వెలసిన శిక్షణకేంద్రము ఈ రెండవ మార్గమునకు నిదర్శనము. ఆ గ్రామము నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా, జైనూరు మండలములోనిది.

ఆ కేంద్రమేల పుట్టెనో తెలియవలెనన్న, అంతకు ముందటి గోండుల దుస్థితిని తెలిసికొనవలెను. ఒకప్పుడు చాందాలో రాజ్యమేలిన జాతి యది. నిజాము ప్రభుత్వకాలము వచ్చునప్పటికి, తరతరములుగా దున్నుకొనుచున్న చేలకు సైతము వారిలో అనేకులకు పట్టాలు లేవు. ఒకవైపు రిజర్వు అడవుల హద్దులు గ్రామములను ఆక్రమించుచు వచ్చెను. మరియొకవైపు వ్యవహారజ్ఞానము గల పైవారు వచ్చి మంచి నేలలను తమ పేర వ్రాయించుకొనసాగిరి. దున్నినవానిదే భూమి యనుట ధర్మము; దస్తరమున పేరున్నవానిదే భూమి యనుట వ్యవహారము. కచ్చేరిలో భాష ఉర్దూ. అంగడిలో మరాఠీ, తెలుగు. గోండు ఇంట గోండీ. తన పొలమును గూర్చి వ్రాసిన కాగితము తన చేతికే వచ్చినను, అందేమున్నదో గోండు ఎరుగడు. చదివిపెట్టువాడు చెప్పినదే వేదము.

ఈ యన్యాయము సహింపలేక కుమురం భీము తిరుగబడి, 1940లో జోడేఘాటు వద్ద తుపాకి గుండ్లకు నేలకొరిగెను. ఆ పిమ్మటనే ప్రభుత్వమునకు గోండుల గోడు కొంత వినవచ్చెను. వియన్నా నగరమున 1909లో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అప్పుడు హైదరాబాదు సంస్థానమున నుండెను. 1939లో యుద్ధము ఆరంభమగుటతో జర్మను పాస్‌పోర్టు గల యాతడు శత్రుదేశీయుడుగా లెక్కింపబడి, ఈ దేశముననే చిక్కుపడియుండెను. నల్లమల చెంచులను, గోదావరీతీరపు కొండరెడ్లను పరిశీలించిన పిదప ఆతడు ఆదిలాబాదు చేరి, భార్యయగు బెట్టీ ఎలిజబెత్‌తో కూడ మార్లవాయిలో నివాసమేర్పరచుకొనెను.

బడులు పెట్టవలెననుట సులభమే. వానిలో పాఠము చెప్పువారెవరు? పట్టణమునుండి వచ్చిన పంతులు అడవిలో నిలువడు. నిలిచినను అతని మాట పిల్లలకు తెలియదు, పిల్లల మాట అతనికి తెలియదు. చదువుకొన్న గోండులో, వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. కావున బడులకంటె ముందు గురువులను తయారుచేయవలసి వచ్చెను. మరాఠీ కొద్దిగా నేర్చిన గోండు యువకులను ఆధారముగా గొని మార్లవాయిలో శిక్షణ ప్రారంభించిరి. చదువు గోండీలోనే, లిపి మాత్రము దేవనాగరి. మరాఠీ ద్వారమున ఆ లిపి అక్కడ కొంత పరిచితమై యుండుటయే ఇందుకు కారణము. గోండీ వాచకములు ప్రత్యేకముగా సిద్ధపరచిరి. తల్లి ఒడిలో విన్న మాట పలకపై కనబడినప్పుడు, అక్షరము పరాయిదని పిల్లవానికి తోచదు.

అట్లు తరిఫీదు పొందినవారు తమ తమ పల్లెలకు బోయి బడులు నెలకొల్పిరి. ఉపాధ్యాయులకే గాక, పట్వారీ మొదలగు చిన్న యుద్యోగములకును కొందరిని తీర్చిదిద్దిరి. ఈ విషయము మిక్కిలి గమనింపదగినది. పహాణీ వ్రాయువాడు తమవాడైనచో, అందు తమ పేరు తప్పిపోదు.

విద్యతోపాటు భూమియు సాగినది. ప్రత్యేక లావణి నిబంధనల ననుసరించి, 1949 నాటికి ఆదిలాబాదు జిల్లాలో 11,198 గిరిజన కుటుంబములకు సుమారు 1,60,000 ఎకరములకు పట్టాలు లభించినట్లు హైమన్‌డార్ఫ్ వ్రాసియున్నాడు. 1946లో, అనగా 1356 ఫసలీలో, గిరిజన ప్రాంతములకు ప్రత్యేక శాసనము వెలువడెను. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు కూర్చుండి ప్రజల మొరలాలించు దర్బారు ఆ దశాబ్దముననే మొదలయ్యెను. గోండీ భాష నేర్చి, దానికి వ్యాకరణము వ్రాసిన సేతుమాధవరావు పగ్డీ వంటి అధికారులు ఈ కార్యమునకు అండయైరి. ఒక్క పల్లెలో వెలిగిన దీపము జిల్లా యంతటికి వెలుగు చూపినది.

అయితే చరిత్రకారుడు మంచిని మాత్రమే చెప్పి తృప్తి పడరాదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట గోండీ బోధన వెనుకబడి, తెలుగు బోధనాభాష యయ్యెను. భూరక్షణకై 1959లో చేయబడిన నిబంధనలు 1963లో తెలంగాణమునకు వర్తించెను. 1970లో అవి మరింత కట్టుదిట్టము గావింపబడెను. అయినను, 1970వ దశకమున తిరిగివచ్చిన హైమన్‌డార్ఫ్‌కు, పట్టాలు పొందిన గోండుల భూములు పెక్కు అన్యుల చేతులలో కానవచ్చెను. 1982లో ప్రకటించిన గ్రంథమున ఆతడీ దుఃఖమును దాచలేదు. పట్టా యున్నది, చట్టమున్నది, భూమి లేదు.

దీనికి కారణమేమి? శిక్షణ వ్యర్థమైనదా? కాదు. శిక్షణ చాలకపోయినది. పూనిక గల అధికారులున్నంతకాలము ఆ పద్ధతి నడచినది. వారు బదిలీయై పోగానే పట్టు సడలినది. పది పల్లెలకొక చదువరి యున్నచో వానిని లోబరచుకొనవచ్చును, భయపెట్టవచ్చును. ఇంటికొక చదువరి యున్నచో అది సాధ్యము గాదు. మార్లవాయి మార్గము తప్పు గాదు. ఆ మార్గమున నడక మధ్యలో మందగించుటయే తప్పు.

బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11వ తేదీన హైదరాబాదులో మరణించగా, ఆమె కోరిక మేరకు మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో లండనులో కన్నుమూసిన హైమన్‌డార్ఫ్ చితాభస్మము 2012లో ఆమె చెంతకే చేరినది. ఏటేట ఆ జనవరి దినమున గోండులు అచ్చట గుమికూడి, తమ యాచారప్రకారము పూజలు సలుపుదురు. ఏ సంస్థానాధీశుని సమాధికిని అడవిలో ఇట్టి గౌరవము లేదు.

గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను వేళ ఈ కథ స్మరింపదగినది. బీరువాలోని పుస్తకముల సంఖ్య గ్రంథాలయమునకు లెక్క గాదు. తన పహాణీ తాను చదువుకొని, అందలి తప్పును తహశీల్దారు ఎదుట నిలిచి చూపగల రైతులెందరు ఆ గడప దాటి వచ్చిరను సంఖ్యయే దాని నిజమైన జమ. ఆ జమ ఏటేట పెరుగుగాక!