ఇంట్లోనే ఓడ కడదాం: స్కేల్ మోడల్ షిప్ హాబీ గురించి పూర్తి సమాచారం

హైదరాబాద్‌కు సముద్రం లేదు. హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఉండేవాళ్ళకి కనిపించే నీళ్ళంటే దుర్గం చెరువే. అయినా మన చాలా ఇళ్ళల్లో ఓడ కథ ఒకటి ఉంటుంది. దాదానో నానానో రైల్లో బొంబాయి వెళ్ళి, అక్కడ ఓడ ఎక్కి, రోజుల తరబడి సముద్రం మీద గడిపి జిద్దాలో దిగిన కథ. 1995తో మన దేశం నుంచి ఓడలో హజ్‌కు వెళ్ళడం ఆగిపోయింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలకి హజ్ ప్రయాణం అంటే విమానమే. ఓడ అంటే ఎంత పెద్దది, డెక్ ఎక్కడుంటుంది, మనుషులు ఎక్కడ పడుకునేవాళ్ళు అంటే వాళ్ళ ఊహకి అందదు.

అలాంటి ఓడని కొలతల ప్రకారం చిన్నగా చేసి టేబుల్ మీద నిలబెట్టడమే స్కేల్ మోడల్ షిప్ హాబీ. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి చేతులతో చేసే పని. పిల్లలకి ఫోన్ పక్కన పెట్టి చేసే పని. దీన్ని ఎలా మొదలుపెట్టాలో, మరీ ముఖ్యంగా ఎలా పూర్తి చేయాలో ఇక్కడ చూద్దాం.

స్కేల్ అంటే ఏమిటి?

బొమ్మ ఓడకి, మోడల్ ఓడకి తేడా కొలతలోనే ఉంది. 1:350 స్కేల్ అంటే అసలు ఓడ మీద 350 సెంటీమీటర్లు ఉన్నది మోడల్ మీద ఒక్క సెంటీమీటర్ అవుతుంది. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. 1:350లో అది 26 సెంటీమీటర్లు, 1:700లో 13 సెంటీమీటర్లు. కొత్త విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ 262 మీటర్లు. అది 1:350లో దాదాపు 75 సెంటీమీటర్లు వస్తుంది. కొనేముందు ఈ లెక్క వేసుకోకపోతే, పూర్తయ్యాక పెట్టడానికి ఇంట్లో చోటు దొరకదు.

ఈ లెక్క చిన్న వస్తువులకీ వర్తిస్తుంది. 1:350లో మనిషి ఎత్తు 5 మిల్లీమీటర్లు. అరచేతికి నిండుగా వచ్చే 70 మిల్లీమీటర్ల లావు మోకు 0.2 మిల్లీమీటర్లే. అక్కడ లావు దారం కడితే చూసేవాళ్ళ కంటికి అది మోకులా కాదు, పైపులా కనిపిస్తుంది.

ఎన్ని రకాలు?

ప్లాస్టిక్ కిట్లు: ముక్కలన్నీ ఒక ఫ్రేమ్‌కి అంటుకుని వస్తాయి. కోసి, అతికించి, రంగు వేయాలి. 1:350, 1:700 స్కేళ్ళలో ఎక్కువగా దొరుకుతాయి. మొదటిసారి చేసేవాళ్ళకి ఇదే మంచిది.

చెక్క కిట్లు: కీల్ అంటే ఓడకి వెన్నెముక. దానికి అడ్డంగా చెక్క పలకలు నిలబెట్టి, వాటి మీద సన్నని పట్టీలు ఒక్కొక్కటిగా వంచి అతికిస్తారు. పాత తెరచాప ఓడలకి ఈ పద్ధతి. నెలలు పడుతుంది.

పేర్చిన చెక్క: రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చెక్క పలకలు అతికించి, ఆ దిమ్మని ఓడ ఆకారంలో చెక్కడం. కిట్ దొరకని ఓడకి ఇదే దారి.

కాగితం మోడల్స్: మందపాటి కాగితం మీద ప్రింట్ తీసి, కత్తిరించి, మడిచి అతికించడం. ఖర్చు బాగా తక్కువ. పిల్లలతో మొదలుపెట్టడానికి బాగుంటుంది.

ఏ ఓడ ఎంచుకోవాలి?

అందరూ చేసే తప్పు ఒకటుంది. మొదటిసారే మూడు స్తంభాలు, వంద ఫిరంగులు ఉన్న తెరచాప ఓడ కిట్ కొనేస్తారు. రెండు వారాలు ఉత్సాహంగా చేస్తారు. తాళ్ళు కట్టే దగ్గర ఆగిపోతారు. డబ్బా అటకెక్కుతుంది. మొదటిది చిన్నదిగా, తాళ్ళు తక్కువగా ఉండాలి. జలాంతర్గామి అయితే ముక్కలూ తక్కువ, ఆకారమూ తేలిక.

మన నేలకి సంబంధించిన ఓడలు తక్కువేం లేవు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రం, పర్షియా రేవులకి ఓడలు నడిచేవి. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకి సొంత ఓడలుండేవి. గోదావరి ఒడ్డున నర్సాపురం, కాకినాడ దగ్గర కోరంగి, తాళ్ళరేవు చెక్క ఓడలు కట్టడానికి పేరుపడ్డ చోట్లు. స్వాతంత్ర్యం వచ్చాక విశాఖలో కట్టిన 'జల ఉష' ఓడని 1948 మార్చి 14న నెహ్రూ నీళ్ళలోకి వదిలారు. కుర్సురా 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది. విశాఖ వెళ్తే దాని లోపలికి వెళ్ళి చూడొచ్చు. అసలు ఓడని దగ్గర్నుంచి చూసి ఫొటోలు తీసుకున్నాక చేసే మోడల్ వేరే స్థాయిలో ఉంటుంది.

కేరళలో కోళికోడ్ దగ్గర బేపూర్‌లో ఇప్పటికీ 'ఉరు' అనే పెద్ద చెక్క ఓడలు కడతారు. గల్ఫ్ నుంచి కొనుక్కుంటారు. పాత మేస్త్రీలు కాగితం మీద ప్లాన్ లేకుండానే, గుర్తు మీదే కట్టేవారు. కట్టిన ఓడని నీళ్ళలోకి దించడంలో అక్కడి మాపిళ్ళ ఖలాసీలకి తరాల పేరుంది. చిన్న ఉరు మోడల్స్ చేసి అమ్మే కళాకారులూ అక్కడున్నారు. చెక్కపని నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఇది చక్కని నమూనా.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

మొదలుపెట్టడానికి పెద్ద వర్క్‌షాప్ అక్కర్లేదు. కటింగ్ మ్యాట్, సన్నని బ్లేడు కత్తి, ముక్కలు కోసే చిన్న కటింగ్ ప్లయర్, ట్వీజర్, మూడు సైజుల బ్రష్‌లు, మాస్కింగ్ టేప్ చాలు. ఎమరీ పేపర్, అదే మనం రేగ్‌మాల్ అంటాం కదా, అది 240, 400, 600, 1000 నంబర్లలో తీసుకోండి. నంబర్ పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. అతికించాక పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు సరిపోతాయి.

పనిముట్లకి రాణిగంజ్, చిల్లర సామానుకి బేగంబజార్, మోటార్లు, చిన్న లైట్లు కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీ. కిట్లు, మోడల్ రంగులు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. చాలావరకు విదేశీ సరుకు కాబట్టి ధర, డెలివరీ ఖర్చు ముందే చూసుకోండి. స్తంభాలకి వెదురు పుల్లలు, అగరుబత్తి పుల్లలు పనికొస్తాయి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి తేలిక చెక్క, మెత్తగా చెక్కుడు పడుతుంది. దొరికితే వదలకండి.

ఐటీ కారిడార్‌లో ఉండేవాళ్ళకి ఇంకో సదుపాయం ఉంది. 2023 మార్చిలో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ యంత్రాలున్నాయి. కంప్యూటర్ మీద గీయడం వచ్చినవాళ్ళు కీల్, అడ్డ పలకలు గీసుకుని ఇలాంటి యంత్రం మీద కోయించుకోవచ్చు. ఫీజు, నిబంధనలు ముందే కనుక్కుని వెళ్ళండి.

కట్టే వరుస

1. ముందు సూచనల పుస్తకం మొత్తం చదవండి. ముక్కలు అన్నీ ఉన్నాయో లేవో చూసుకోండి.

2. ప్లాస్టిక్ ముక్కల్ని ఫ్రేమ్‌తో సహా గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు.

3. ముక్కని ఫ్రేమ్ నుంచి చేత్తో విరవకండి. కాస్త దూరంగా కోసి, మిగిలిన ముక్కని తర్వాత సాఫ్ చేయండి.

4. జిగురు పూయకముందు ముక్కలు సరిగ్గా కూర్చుంటున్నాయో పెట్టి చూడండి. ప్లాస్టిక్ సిమెంట్ ముక్కల్ని కరిగించి కలిపేస్తుంది. ఒకసారి పట్టాక విడదీయడం కష్టం. చెక్కకి ఫెవికాల్, ఇత్తడి రెయిలింగ్ లాంటి లోహం ముక్కలకి ఫెవిక్విక్ వాడాలి.

5. చెక్క పట్టీలు వంచాలంటే నీళ్ళలో నానబెట్టి, మెల్లగా వంచి క్లిప్పులు పెట్టి ఆరనివ్వండి. ఒక పట్టీ కుడివైపు అతికిస్తే, తర్వాతది ఎడమవైపు. ఒకవైపే పూర్తి చేస్తే కీల్ వంకర పోతుంది.

6. అతుకుల్లో సందులుంటే పుట్టీ నింపి, ఆరాక రేగ్‌మాల్ పట్టండి.

ఫినిషింగ్: అసలు పని ఇక్కడే

కట్టడం సగమే. చాలామంది ముక్కలన్నీ అతికించగానే అయిపోయిందనుకుని గబగబా రంగు పూసేస్తారు. బ్రష్ గీతలు, జిగురు మరకలు, వంకర గీతలు కనిపిస్తాయి. మనసు విరిగి ఇంకెప్పుడూ ముట్టుకోరు.

ముందు ప్రైమర్ వేయాలి. బూడిదరంగు ప్రైమర్ వేయగానే కంటికి ఆనని సందులు, గీతలు అన్నీ బయటపడతాయి. వాటిని సరిచేసి మళ్ళీ ప్రైమర్ వేయండి. స్ప్రే డబ్బాని ఓ జానెడు దూరంలో పట్టుకుని, ఓడకి బయట మొదలుపెట్టి, ఓడ దాటాక ఆపండి. ఒక్క మందపాటి పూత కన్నా మూడు పల్చటి పూతలు మేలు.

చాలా ఓడలకి నీళ్ళలో మునిగే అడుగు భాగం ఎరుపు. ఆ గీత తిన్నగా రావడానికి చిన్న ఉపాయం. ఓడని స్టాండ్ మీద నిలబెట్టి, ఒక చెక్క దిమ్మకి పెన్సిల్ కట్టి, దాన్ని టేబుల్ మీద జరుపుతూ ఓడ చుట్టూ తిప్పండి. గీత అంతా ఒకే ఎత్తులో పడుతుంది. ఆ గీత వెంట మాస్కింగ్ టేప్ అంటించి రంగు వేయండి.

రంగు మెరవకూడదు. నిజం ఓడని దూరం నుంచి చూస్తే మెరుపు కనపడదు, రంగు కూడా కాస్త వెలిసినట్టుంటుంది. అందుకే చిన్న స్కేల్‌లో రంగులో చుక్క తెలుపు కలిపితే సహజంగా ఉంటుంది. అక్షరాలు, గుర్తుల స్టిక్కర్లు అంటించేముందు మాత్రం మెరిసే వార్నిష్ వేయాలి, లేకపోతే కింద గాలి చేరి తెల్లగా కనిపిస్తాయి. అంటించాక పైన మెరుపులేని వార్నిష్ వేస్తే అన్నీ కలిసిపోతాయి.

తాళ్ళు చివర్లో. లోపలి నుంచి బయటికి, కింది నుంచి పైకి కట్టుకుంటూ రావాలి. లేకపోతే ముందు కట్టిన తాడే చేతికి అడ్డమొస్తుంది. దారానికి తేనెమైనం పట్టిస్తే నూగు లేవదు.

పాత తెరచాప ఓడల ముందుభాగంలో మనిషి బొమ్మో జంతువు బొమ్మో చెక్కి ఉంటుంది. ఇంట్లో అలాంటివి వద్దనుకునేవాళ్ళు దాని బదులు చుట్టలు తిరిగిన లత నగిషీ పెట్టుకోవచ్చు. అసలు ఓడల్లోనూ కొన్నిటికి అలాంటి నగిషీయే ఉండేది.

ఫ్లాట్‌లో జాగ్రత్తలు

స్ప్రే డబ్బాలు మంటని ఇట్టే అందుకుంటాయి. వంటింటి దగ్గర, దీపం దగ్గర అస్సలు వద్దు. బాల్కనీలో, మాస్క్ పెట్టుకుని, కింద పాత పేపర్లు పరిచి వేయండి. పక్కింటివాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయేమో చూసుకోండి. వానాకాలంలో గాలిలో తేమకి వార్నిష్ మీద తెల్లటి పొర వస్తుంది, ఎండ వచ్చిన రోజు చూసి వేయండి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో స్ప్రే గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది, పొద్దున్నే వేయండి. బ్లేడు కత్తి, ఫెవిక్విక్ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. పిల్లలకి రేగ్‌మాల్ పట్టడం, ముక్కలు కడగడం, బ్రష్‌తో అడుగు రంగు వేయడం లాంటివి ఇవ్వండి.

రోజూ ఇషా తర్వాత అరగంట చాలు. ఆదివారం మొత్తం కూర్చుని విసిగిపోవడం కన్నా అదే నయం. పూర్తయిన ఓడని గాజు పెట్టెలో, ఎండ నేరుగా తగలని చోట పెట్టండి.

దాదా ఎక్కిన ఓడ

హజ్ యాత్రికుల్ని తీసుకెళ్ళిన మొగల్ లైన్ కంపెనీ ఓడల్లో మొహమ్మదీ, ఇస్లామీ, అక్బర్ పేర్లు చాలామంది పెద్దలకి ఇప్పటికీ గుర్తే. వీటికి దుకాణంలో కిట్ కోసం చూస్తూ కూర్చోకండి, పేర్చిన చెక్క పద్ధతిలో మీరే చేసుకోవచ్చు. ముందు ఇంట్లో వెతకండి. పాత పిల్‌గ్రిమ్ పాస్, టికెట్, ఉత్తరం, గ్రూప్ ఫొటో ఏదైనా ఉండొచ్చు. ఓడ పేరు, సంవత్సరం తెలిస్తే పొడవు, వెడల్పు, పాత ఫొటోలు వెతకడం తేలిక. పొడవు 140 మీటర్లు అనుకుంటే 1:350లో 40 సెంటీమీటర్లు. పక్కనుంచి తీసిన ఒక్క మంచి ఫొటో ఉంటే పొగగొట్టం ఎక్కడ, స్తంభాలు ఎక్కడ, ఎన్ని అంతస్తులు అనేది పొడవుతో పోల్చి లెక్క కట్టొచ్చు.

ఫొటోల్లో దొరకనివి కొన్ని ఉంటాయి. నలుపు తెలుపు ఫొటోలో పొగగొట్టం రంగు తెలియదు. వంట ఎక్కడ చేసేవారు, నమాజ్‌కి ఎక్కడ నిలబడేవారు, ఆడవాళ్ళు ఎటువైపు ఉండేవారు, అవన్నీ ఎక్కినవాళ్ళే చెప్పాలి. అరవైల్లో, డెబ్బైల్లో ఆ ఓడ ఎక్కినవాళ్ళు ఇప్పుడు చాలా పెద్దవాళ్ళు. కొందరు ఇప్పటికే లేరు. కాబట్టి చెక్క కొనడానికి ముందే వాళ్ళ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. సగం చేసిన ఓడని తీసుకెళ్ళి చూపించండి, "ఇక్కడ మెట్లుండేవి బేటా" అని వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. రంగు తప్పయితే మళ్ళీ వేసుకోవచ్చు. అడగాల్సినవాళ్ళని అడగకుండా ఆలస్యం చేస్తే మాత్రం ఆ మెట్లు ఎక్కడుండేవో చెప్పేవాళ్ళు ఉండరు.